తెఱచు గడియ, మూయు గడియ
(టీకా తాత్పర్య విశేష సహితం)

అవతారిక

ఈ పద్యాలు తాళపత్రాల్లో దొరికినవి కావు. మా అపార్ట్‌మెంటు సంఘానికి నన్ను కోశాధికారిగా ఎన్నుకున్న రోజున (ఎన్నుకున్నారనడం మర్యాద కోసం, ఆ సాయంత్రం సమావేశానికి రానివాణ్ని నేనొక్కణ్నే) నాకు అప్పగించిన ఆస్తి ఇది: ఒక పాత ల్యాప్‌టాప్, మూడు రసీదు పుస్తకాలు, ఒక రబ్బరు స్టాంపు, ఇంకు ఎండిపోయిన ప్యాడు. ల్యాప్‌టాప్ మూత తెరిస్తే తెర అంచున పసుపు రంగు చీటీ అంటించి ఉంది. నీలం బాల్‌పెన్నుతో రాసిన గుండ్రటి అక్షరాలు. రెండు పద్యాలు పూర్తిగా ఉన్నాయి, మూడోది సగమే. కింద సంతకం లేదు.

కవికాల నిర్ణయంలో పండితులు తగవులాడుకోవడం ఆచారం. ఇక్కడ నేనొక్కణ్నే ఉన్నాను కనక రెండు పక్షాలూ నేనే వహిస్తాను. గడులలో లెక్క వేసే విద్యకు ఆదికవులు డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్. వారి విజికాల్క్ 1979లో వచ్చింది. కాబట్టి కవి అంతకు ముందువాడు కాడు. ఎక్సెల్ 1985లో మాకింటాష్ మీద పుట్టి, 1987లో విండోస్‌కు కాపురానికి వచ్చింది. కవి "కంట్రొలు" అన్నాడు కనక ఆ కాపురం తరువాతి వాడే. అయితే "తెఱచు", "చెఱుప" అని బండి ఱ వేశాడు. ఇది భాషాప్రవీణ చదివిన చేయి. మా బ్లాకులో ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరరు గారు కొన్నాళ్లు లెక్కలు చూశారనీ, తరువాత ఫ్లాటు అమ్మేసి కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లిపోయారనీ వాచ్‌మన్ చెప్పాడు. కవి ఆయనే అని ఒక పక్షం. ఆయనకు ముందున్న బ్యాంకు ఆఫీసరు గారని ఇంకో పక్షం. తెలుగులో బ్యాంకు ఉద్యోగులైన కవులకు ఏనాడూ లోటు లేదు కాబట్టి ఈ రెండో పక్షాన్ని తోసెయ్యలేకపోతున్నాను.

టీకాకారుడికి గురువందనం విధి. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మనవాడే, మెదక్ జిల్లా కొల్చారం ఊరివాడంటారు. మూలం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే మాట ఇచ్చి మరీ కలం పట్టాడు. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను. రెండో సగం పాటిస్తే పత్రికవారు ఇచ్చిన పేజీలు నిండవు.

మూలము – 1

ఆ.వె.
అంకె చూచి మురియ కడుగుము మూలంబు
కంట్రొలదిమి తెఱచు గడియ నొక్కి
తల్లిదండ్రి లేని దత్తాంశ మున్నచోఁ
జేతఁ గొట్టినదియె చేటు సుమ్ము

ప్రతిపదార్థము

అంకెన్ = సెల్లులో కనబడు సంఖ్యను; చూచి = కాంచి; మురియక = "లెక్క తేలిందిరా" అని పొంగిపోక; మూలంబున్ = అది పుట్టిన చోటును; అడుగుము = ప్రశ్నింపుము; (ఎట్లనగా) కంట్రొలున్ = కీబోర్డు దిగువ ఎడమ మూలనుండు కంట్రోల్ అను మీటను; అదిమి = వేలితో పట్టి ఉంచి; తెఱచు గడియన్ = తెరిచే చదరపు బ్రాకెట్టును, అనగా పి అక్షరమునకు కుడిప్రక్క మీటను; నొక్కి = ఒక్కసారి తట్టి; తల్లిదండ్రి లేని = తనకు ముందు ఏ సెల్లునూ లేనట్టి; దత్తాంశము = డేటా; ఉన్నచోన్ = కనబడినచో; చేతన్ కొట్టినదియె = ఫార్ములా వలన గాక మనిషి టైపు చేసినట్టిదే; చేటు సుమ్ము = కొంప ముంచునది సుమా.

తాత్పర్యము

తెర మీద సంఖ్య కనబడగానే సంబరపడకు. ఆ సెల్లు మీద నిలబడి, కంట్రోల్ పట్టుకుని, తెరిచే బ్రాకెట్టు కొట్టు. ఆ సంఖ్య ఏయే సెల్లుల కడుపున పుట్టిందో అక్కడికి తీసుకుపోతుంది. అక్కడ మళ్లీ కొట్టు. పోగా పోగా, ఎవరికీ పుట్టని సంఖ్య ఒకటి ఎదురవుతుంది. అది ఎవరో చేత్తో కొట్టినది. అక్కడ ఆగు.

విశేషములు

"మురియ కడుగుము" అన్నచోట "మురియక + అడుగుము" అని పదచ్ఛేదం. "కడుగుము" అని విడదీసి, అంకెలను కడగమన్నాడని అర్థం చెప్పేవారు ఉంటారు. అంకెలు కడిగేవారికి 2002 నాటి మనీ లాండరింగ్ చట్టం వేరే ఉంది. అది ఈ పద్యం పరిధిలోకి రాదు. యతి స్థానంలో "అం"కూ "క"లోని అకారానికీ స్వరం చెల్లింది. బండి ఱ వేసినవాడు యతి తప్పడు.

"గడియ" శ్లేష. చదరపు బ్రాకెట్టు తలుపు గడియలా ఉంటుంది కనక ఒక అర్థం. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు కనక రెండో అర్థం. ఈ మీట తెలియనివాడు ఒక ఫార్ములా పుట్టుక వెతకడానికి మౌసు పట్టుకుని షీటు షీటుకూ తిరిగితే పట్టే కాలం సరిగ్గా అంతే. నేను కొలిచాను. పైగా తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఆ మీట మీద కూర్చున్నది డకారం. గడి, గడియ, రెండింటి మధ్యా ఉన్నది ఆ అక్షరమే. కవికి ఇది తెలిసి వేశాడో తెలియక వేశాడో కాని, టీకాకారుడి కంటబడ్డాక తెలిసి వేసినట్టే లెక్క.

ఇక అసలు సంగతి. ఈ మీట చేసే పని మన వ్యాఖ్యాతలకు కొత్తది కాదు. పద్యానికి అన్వయం చెప్పేటప్పుడు రెండు దారులున్నాయి. మాటలన్నిటినీ వచనం వరసలో పేర్చుకుంటూ పోవడం దండాన్వయం. ముందు క్రియను పట్టుకుని ప్రశ్నలు వేసుకుంటూ వెనక్కి నడవడం ఖండాన్వయం. "చంపెను." ఎవరు? రాముడు. ఎవరిని? రావణుని. దేనితో? బాణముతో. ఎట్టి బాణముతో? ఇలా ఆకాంక్ష తీరేదాకా. వీధిబడిలో అయ్యవారు బెత్తం పట్టుకుని చేయించిన ఈ పనినే ఎక్సెల్ రెండు వేళ్లతో చేయిస్తుంది. కంట్రోల్‌తో తెరిచే బ్రాకెట్టు కొడితే ఒక్క ఆకాంక్ష తీరుతుంది. షిఫ్ట్ కూడా కలిపి కొడితే తండ్రి, తాత, ముత్తాత అందరూ ఒక్కసారే లేచి నిలబడతారు. ఇది శ్రాద్ధంలో చెప్పే మూడు తరాలకన్నా ఎక్కువే. ఎన్ని తరాలుంటే అన్నీ. కాని అందరూ ఆ షీటులోని వారై ఉండాలి. కంట్రోల్ పట్టుకుని ఒకటి అంకెకు ఎడమ పక్క మీట కొడితే ఫలితాలు మాయమై ఫార్ములాలు మాత్రం కనబడతాయి. అది షీటంతటికీ దండాన్వయం. నాకు మాత్రం ఖండాన్వయమే ఇష్టం.

ఉదాహరణకు మా మెయింటెనెన్స్ షీటు. నలభై ఫ్లాట్లు. ఒక్కో ఫ్లాటు నెలకు రూ. 2,850. నేను ఆ సెల్లు మీద నిలబడి మీట కొట్టాను. దేనివల్ల? సి20ని నలభైతో భాగించడం వల్ల. ఆ నలభై కూడా చేత్తో కొట్టినదే. ఆ సంగతి కవికి తెలిస్తే చేటు అనేవాడేమో కాని, నలభై ఫ్లాట్లూ గోడలతో సహా కళ్లెదుటే ఉన్నాయి కనక ఊరుకున్నాను. సి20లో రూ. 1,14,000. మళ్లీ కొట్టాను. సి5 నుంచి సి19 దాకా పదిహేను సెల్లులు బూడిద రంగు కప్పుకుని ఎంపికయ్యాయి. వాచ్‌మన్ జీతం, లిఫ్టు వార్షిక ఒప్పందం, మెట్ల దీపాల కరెంటు, వేసవి ట్యాంకర్లు, జనరేటరు డీజిలు, చెత్త బండి, వగైరా. ఇన్ని సెల్లులు ఎంపికైతే ఎక్సెల్ అడగకుండానే అడుగున పట్టీలో వాటి మొత్తం చూపుతుంది. అక్కడ రూ. 1,13,500 అని ఉంది.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. తల్లిదండ్రులందరి మొత్తం 1,13,500. బిడ్డ 1,14,000. ఐదు వందలు తేడా.

సి20 మీద ఎఫ్2 కొట్టాను. ఎఫ్2 కొడితే ఫార్ములా తెరుచుకుని, దానిలోని ఒక్కో చిరునామాకూ ఒక్కో రంగు గీత పెట్టి చూపుతుంది. సమ్, సి5 నుంచి సి19 దాకా, నీలం. అంతదాకా బాగుంది. దాని తరువాత, ఏ రంగూ లేకుండా, నల్లగా, ఎవరికీ సంబంధం లేనట్టు: ప్లస్ 500.

కవి చెప్పని సూక్ష్మం ఇక్కడ ఉంది. చేత్తో కొట్టిన అంకెలు రెండు రకాలు. ఒకటి సెల్లులో బహిరంగంగా కూర్చున్నది. దాని మీద నిలబడి మీట కొడితే "సెల్స్ ఏవీ దొరకలేదు" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క పెట్టె కట్టుకుని వస్తుంది. అంటే తన గోత్రం తెలియదని నిజాయతీగా ఒప్పుకుంటుంది. రెండోది ఫార్ములా కడుపులోనే దాక్కున్నది. దానికి సెల్లు లేదు, చిరునామా లేదు. కాబట్టి కంట్రోల్ బ్రాకెట్టు దాని దాకా పోదు. ఆల్ట్, ఎం, పి అని వరసగా కొడితే వచ్చే నీలి బాణాలు కూడా దాన్ని తాకవు. మొదటిదాన్ని నేను ప్రకాశం అనీ, రెండోదాన్ని ప్రచ్ఛన్నం అనీ పిలుస్తున్నాను. ఈ విభజన ఏ శాస్త్రంలోనూ లేదు, నాదే.

పాత కోశాధికారికి ఫోన్ చేశాను.

"అదా సార్," అన్నాడాయన, టీవీ గొంతు తగ్గిస్తూ. "దసరాకి వాచ్‌మన్‌కి మామూలు ఇద్దామనుకున్నాం కదా. ఆ నెలకి కలిపాను. తీసేయడం మర్చిపోయినట్టున్నా."

"ఏ దసరా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. నేను రసీదు పుస్తకాలు తిరగేసి చూసుకున్నాను. ముప్ఫై ఒక్క నెలలు. ఫ్లాటుకు నెలకు పన్నెండున్నర రూపాయలు. ఒక టీ ఖరీదు. అందుకే నలభై ఇళ్లలో ఒక్కరూ అడగలేదు.

ఆక్షేపణ: అన్ని అంకెలూ చివరికి ఎవరో ఒకరు చేత్తో కొట్టినవే కదా? కరెంటు బిల్లు చూసి నేను కొట్టిన అంకె కూడా చేటేనా? తల్లిదండ్రులు లేనంత మాత్రాన దోషమేమిటి?

సమాధానం: అందుకే కవి "దత్తాంశము" అన్నాడు. డేటాకు మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరే అయినా, అందులో దత్తుడున్నాడు. దత్తతకు పత్రం ఉంటుంది. పక్క సెల్లులో బిల్లు నంబరు, తేదీ రాసి ఉన్న అంకె పత్రం ఉన్న బిడ్డ. దానికి ఆస్తిలో హక్కుంది. ప్లస్ 500కు పత్రం లేదు, సాక్షి లేడు. మల్లినాథుడి మొదటి మాట దానికి వర్తించదు. అది అమూలం.

ఇది మా బ్లాకు ఒక్కదాని దౌర్భాగ్యం అనుకోవద్దు. అర్థశాస్త్రవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ 2010లో ఒక పత్రం రాశారు. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి పడిపోతుందని దాని సారం. ప్రభుత్వాల ఖర్చులు కోయాలన్నవాళ్లు దాన్ని జెండాలా పట్టుకుని తిరిగారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, ఆమ్‌హర్స్ట్‌లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, క్లాసులో ఇచ్చిన పని కోసం ఆ లెక్క మళ్లీ వేయబోతే ఎంతకీ కుదరలేదు. వాళ్లనే అడిగి ఎక్సెల్ ఫైలు తెప్పించుకున్నాడు. సగటు తీసే సెల్లులో పరిధి 30వ వరస నుంచి 49 దాకా ఉండాల్సింది 44 దగ్గర ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ బయట నిలబడ్డాయి. హెర్న్‌డన్, ఆయన గురువులు మైకేల్ ఆష్, రాబర్ట్ పాలిన్ కలిసి లెక్క సరిచేస్తే, అప్పు 90 శాతం దాటిన చోట సగటు వృద్ధి -0.1 శాతం కాదు, 2.2 శాతం అని తేలింది. న్యాయంగా చెప్పాలంటే ఆ తేడా అంతా ఈ ఐదు గడుల పాపం కాదు. కొన్ని సంవత్సరాల అంకెలు వదిలెయ్యడం, సగటు తీసిన పద్ధతి, వీటి వాటాయే పెద్దది. కాని ప్రపంచం గుర్తుపెట్టుకున్నది గడులనే. ఆ సగటు సెల్లు మీద నిలబడి రెండు వేళ్లు వేస్తే, రంగు కప్పుకున్న వరసలు 44 దగ్గర ఆగి, కింద ఐదు దేశాలు తెల్లగా మిగిలిపోవడం కంటికి కనబడుతుంది. వేళ్లు వేసినవాడు ప్రొఫెసరు కాదు, విద్యార్థి. మా వైపు చావడిలో లెక్కలడిగేది కూడా పిల్లకాయలే, పెద్దలకు మొహమాటం.

అలంకారశాస్త్ర విచారం ఒకటి మిగిలింది. శబ్దానికి అభిధ, వ్యంజన వంటి శక్తులున్నాయి. నేరుగా చెప్పేది అభిధ, చెప్పకుండా తోపింపజేసేది వ్యంజన. మన మీటకు తెలిసింది అభిధ ఒక్కటే. ఇన్‌డైరెక్ట్ అనే ఫంక్షన్ ఉంది. అది చిరునామాను చిరునామాగా కాక, ఒక సెల్లులో అక్షరాలుగా రాయించి, అప్పటికప్పుడు చదువుకుని పోతుంది. దాని మీద కంట్రోల్ బ్రాకెట్టు కొడితే మాట రాసిన సెల్లు దగ్గరికి తీసుకెళ్తుంది, మాట సూచించిన చోటికి తీసుకెళ్లదు. అక్కడ వ్యంజన గుట్టు విప్పిన ఆనందవర్ధనుడు కావాలి. ఈ ఫంక్షన్ ఇష్టంగా వాడే అకౌంటెంట్లను నేను చూశాను. వాళ్ల షీట్లు వాళ్లకు తప్ప ఎవరికీ అన్వయం కావు. అందువల్ల వాళ్ల ఉద్యోగాలు పదిలం. ప్రబంధకవుల రహస్యం కూడా బహుశా ఇదే.

మూలము – 2

ఆ.వె.
చెఱుపఁబోవు ముందు చింతింపు సంతతిన్
మూయు గడియ నొక్క మోము జూపు
ఒక్క గడిని చెఱుప నొరిగెడు వేయిండ్లు
రెఫ్ఫు రెఫ్ఫటంచు రేఁగు నేడ్పు

ప్రతిపదార్థము

చెఱుపన్ పోవు ముందు = ఒక సెల్లును తీసివేయబోవుటకు ముందు; సంతతిన్ = దాని మీద ఆధారపడిన సెల్లులను; చింతింపు = తలచుకొనుము; మూయు గడియన్ నొక్కన్ = కంట్రోల్‌తో మూసే బ్రాకెట్టు కొట్టగా; మోము చూపున్ = అవి బయటపడును; తక్కినది సుగమము.

తాత్పర్యము

తెరిచే గడియ పూర్వులను చూపితే, మూసే గడియ వారసులను చూపుతుంది. ఏ సెల్లునైనా తుడిచేముందు దాని పిల్లలెవరో కనుక్కో. లేకుంటే ఒక్కటి కూలితే వెయ్యి కూలతాయి.

విశేషములు

"వేయిండ్లు" అన్నది అతిశయోక్తి అని విద్యార్థులు రాస్తే మార్కులు కొయ్యాలి. 2007 నుంచి ఎక్సెల్ షీటుకు 10,48,576 వరసలు, 16,384 నిలువు వరసలు. హెచ్చించి చూసుకుంటే 1,717 కోట్ల పైచిలుకు గడులు. ఇంత ఊరికి వెయ్యి ఇళ్లన్నది అల్పోక్తి.

"చెఱుప" శబ్దానికి రెండర్థాలు చెప్పాలి, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సెల్లులో ఉన్నదాన్ని డిలీట్ మీటతో తుడిచేస్తే ఇల్లు ఉంటుంది, మనిషి ఉండడు. దాని మీద ఆధారపడిన కూడిక అక్కడ సున్నా ఉందనుకుని నిశ్శబ్దంగా లెక్క మార్చేస్తుంది. అదే వరస వరసనే పీకేస్తే ఇల్లే ఉండదు. దాని చిరునామా నేరుగా పట్టుకున్న ఫార్ములాలన్నీ "రెఫ్" అని గగ్గోలు పెడతాయి. కవి రెండోదాన్ని చూసి జాలిపడ్డాడు. నాకు మాత్రం మొదటిదంటేనే భయం. ఏడ్చే బిడ్డను ఎత్తుకోవచ్చు, ఏడవకుండా పడున్న బిడ్డ సంగతే చూడాలి. మూడో రకం కూడా ఉంది. సమ్ పరిధికి మధ్యలో ఉన్న వరసను పీకేస్తే పరిధి కాస్త ముడుచుకుని కిక్కురుమనదు.

"రెఫ్ఫు రెఫ్ఫటంచు" అన్నది అనుకరణం, కాకి కావుమన్నట్టు. నా స్వానుభవం: కోశాధికారిగా వచ్చిన రెండో వారంలో "ఇతరాలు" షీటులో పనికిరాదనుకున్న వరస ఒకటి, ఎప్పుడో పోయిన కేబుల్ వాడి బాకీ, పీకేశాను. మూసే గడియ కొట్టి చూశాను సుమా. ఆధారపడినవేవీ లేవంది. ఆ ధైర్యంతోనే పీకాను. తెల్లారి నోటీసు బోర్డు మీద నలభై ఫ్లాట్ల పేర్ల పక్కన హ్యాష్ గుర్తు, రెఫ్, ఆశ్చర్యార్థకం అచ్చయి ఉన్నాయి. రెండో అంతస్తు ఆవిడ లిఫ్టు దగ్గర ఆపి, "అన్నయ్యగారూ, రెఫ్ అంటే రిఫండేనా? ఎప్పుడిస్తారు?" అని అడిగారు.

జరిగిందేమిటంటే, కంట్రోల్‌తో మూసే బ్రాకెట్టు ఆ షీటులోని వారసులనే చూపుతుంది. పై ఊళ్లో స్థిరపడ్డ పిల్లలు దానికి తెలియరు. వాళ్ల కోసం ఆల్ట్, ఎం, డి వరసగా కొట్టాలి. ఆ ఇంటి వారసులకు నీలి బాణాలు పోతాయి. వేరే షీటులో ఉన్నవారికి నల్లటి చుక్కల గీత ఒకటి పోయి, చివర చిన్న పట్టిక బొమ్మ దగ్గర ఆగుతుంది. ఆ గీత మీద రెండుసార్లు క్లిక్ చేస్తే చిరునామాల జాబితా విప్పుతుంది. వేరే ఫైలులో ఉన్నవారైతే ఆ ఫైలు తెరిచి ఉంటేనే కనబడతారు. ఇక ఎర్ర బాణం కనబడితే తప్పు ఎక్కణ్నుంచి కారుతోందో అక్కడిదని అర్థం. చూడటం అయ్యాక ఆల్ట్, ఎం, ఎ, ఎ కొడితే బాణాలన్నీ పోతాయి. పోగొట్టకుండా ప్రింటు తీస్తే కాగితం కురుక్షేత్రంలా ఉంటుంది.

ఈ సంగతి కవి పద్యంలో చెప్పలేదు. నాలుగు పాదాల్లో ఎంతని చెప్తాడు పాపం, అని నేను క్షమించాను. రెండో అంతస్తు ఆవిడ నన్ను ఇంకా క్షమించలేదు.

మూలము – 3 (శిథిలము)

ఆ.వె.
వచ్చినట్టి దారి వదలకు నాయనా
ఎఫ్ఫు నైదు నొక్కి యెంటరొత్తు
. . . . . . . . . . . . . . . . .
. . . . . . . . . . . . . . . . .

తాత్పర్యము

గడియ కొట్టి కొట్టి ఎక్కడికో పోయిన తరువాత తిరిగి రావడానికి ఎఫ్5, ఆపైన ఎంటర్. వెళ్లాల్సిన చోటు అడిగే పెట్టెలో, నువ్వు బయలుదేరిన చిరునామా ముందే రాసి ఉంటుంది.

విశేషములు

"నాయనా" అన్న సంబోధన వల్ల కవి లెక్చరరే అన్న పక్షం బలపడుతోంది. బ్యాంకువారైతే "సార్" అనేవారు.

చాలా ల్యాప్‌టాపుల్లో ఎఫ్5 మీటకు వెలుతురు పెంచడమో, గొంతు తగ్గించడమో ఇంకో ఉద్యోగం ఇచ్చి పెడతారు. అప్పుడు ఎఫ్ఎన్ అనే మీట కూడా పట్టుకోవాలి. నేను మొదటిసారి కొట్టినప్పుడు తెర చీకటైంది, సెల్లు కదల్లేదు.

చివరి రెండు పాదాలూ టీ మరకలో కలిసిపోయాయి. పూరించే సాహసం చెయ్యను. కాని మొదటి రెండు పాదాల్లో దారి గురించి ఉంది కనక, మిగిలిన రెండింటిలో దారి గుండ్రంగా తిరిగి బయలుదేరిన చోటికే వచ్చే ప్రమాదం, అనగా సర్క్యులర్ రిఫరెన్స్, చెప్పి ఉంటాడని నా ఊహ. మన తార్కికులు దీన్ని ఎక్సెల్ కన్నా బాగా విడదీశారు. సెల్లు తన మీద తానే ఆధారపడితే ఆత్మాశ్రయం. రెండు సెల్లులు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడితే అన్యోన్యాశ్రయం. మూడో నాలుగో కలిసి చుట్టూ తిరిగితే చక్రకం. అంతులేకుండా వెనక్కి పోతూనే ఉంటే అనవస్థ. ఎక్సెల్ మొదటి మూడింటినీ ఒకే పేరుతో పిలిచి, ఒక హెచ్చరిక చేసి, సెల్లులో సున్నా పెట్టి, అడుగు పట్టీలో దోషి చిరునామా రాస్తుంది. నాలుగోదానికి దాని దగ్గర చోటు లేదు. 1,717 కోట్ల గడులు ఎంత ఎక్కువైనా, అనంతం కావు.

మా సంఘంలో అన్యోన్యాశ్రయానికి ఉదాహరణ: డబ్బు కట్టందే లిఫ్టు బాగుచేయమని కమిటీ, లిఫ్టు బాగుచేయందే డబ్బు కట్టమని ఐదో అంతస్తు.

ఫలశ్రుతి

ఈ పద్యాలు నిత్యం పఠించి, ప్రతి నెలా మొదటి తారీఖున రెండు గడియలూ కొట్టి చూసుకున్న కోశాధికారికి కలిగిన ఫలం ఏమిటో చెప్పాలి.

సి20 చివర ఉన్న ప్లస్ 500 తీసేశాను. నెలవారీ వాటా రూ. 2,837.50 అయింది. చిల్లర ఎవరు తెస్తారని కమిటీలో గొడవపడి మళ్లీ 2,850కి గుండ్రం చేశారు. గుండ్రం చేసిన తేడాకు ఇప్పుడు వేరే సెల్లు ఉంది, దాని పక్కన పేరు ఉంది, తీర్మానం తేదీ ఉంది. దత్తత పత్రం అన్నమాట.

వెనకటి ముప్ఫై ఒక్క నెలల సొమ్ము 15,500 బ్యాంకులోనే ఉంది. పాత కోశాధికారి ఒక్క రూపాయి ముట్టుకోలేదు. సర్వసభ్య సమావేశంలో ఆ డబ్బుతో గేటుకు రంగు వేయించాలని కొందరూ, సీసీ కెమెరా పెట్టించాలని కొందరూ గంటసేపు వాదించారు. టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన వాచ్‌మన్ కాసేపు నిలబడి విన్నాడు.

"సార్, అది నా పేరు మీద వసూలు చేసిందే గదా?" అన్నాడు. "నాకిచ్చింది ఒక్క దసరాకే."

ఆయన చెప్పింది నిజమే. ఒక నెల ఐదు వందలు పోగా 15,000. ఆయన అడిగినదాని మూలం చూపించడానికి ల్యాప్‌టాప్ కూడా తీసుకెళ్లాను. అందరూ చూశారు. విషయాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.